బడి రిజిస్టర్లో మా ఊరు

మా ఊరి బడికి నాకు తెలిసి మూడు పేర్లు మారాయి. మా నాయన చదివేటప్పుడు అది జిల్లా బోర్డు ఎలిమెంటరీ స్కూలు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక సమితి బడి అయింది. నేను పలక పట్టుకుని పోయింది ఆ సమితి బడికే. ఎన్టీ రామారావు సమితులు తీసేసి మండలాలు తెచ్చిన తర్వాత నీలం బోర్డు మీద తెల్లక్షరాలతో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని రాయించారు. మా జేజి, అంటే నాయనమ్మ, మాత్రం పోయేదాకా దాన్ని 'అయివారి కొట్టం' అనే అనింది. బోదకొట్టం తీసేసి బండల మిద్దె కట్టి అప్పటికి ఎన్ని ఏండ్లయిందో! ఆమెకు మాత్రం అది కొట్టమే.

మాది రాయచోటి దగ్గర ఒక పల్లె. 2022లో మమ్మల్ని అన్నమయ్య జిల్లాలో కలిపారు గానీ, ఎవరైనా 'ఏ జిల్లా' అని అడిగితే నోటికి ఇప్పటికీ కడప జిల్లా అనే వస్తుంది. వాన పడితే శనక్కాయ, పడకపోతే బెంగళూరో కువైటో. అట్లాంటి ఊరికి బడి తప్ప సర్కారుదని చెప్పుకోవడానికి ఇంకేమీ ఉండేది కాదు. ఆస్పత్రికి, పోలీసు స్టేషనుకు, తాలూకా కచేరికి అన్నిటికీ రాయచోటికే పోవాలి. ఊళ్లో ఉన్నది ఒక బడి, ఒక అయివారు. అందుకే సర్కారుతో ఏ పనిబడినా జనం పోయేది ఆ వరండాలోకే.

మా జేజినాయన చదువు ఆ మిద్దెలోనూ కాదు, అంతకుముందున్న కొట్టంలోనూ కాదు. గుడి ముందరి మంటపంలో వీధిబడి నడిచేది. ఇసుకలో వేలితో దిద్దుకోవడం, ఎక్కాలు గొంతెత్తి చదవడం. తెల్లవారుజామున అందరికంటే ముందు వచ్చిన వాడి అరచేతిలో అయివారు 'శ్రీ' రాసేవాడంట. రెండో వాడికి చుక్క. మూడో వాడి నుంచి బెత్తం దెబ్బలు మొదలు. వాడికి ఒకటి, తర్వాతి వాడికి రెండు, ఆ పై వాడికి మూడు. 'మా ఇల్లు ఊరి చివర. నా చేతిలో శ్రీ పడిన రోజే లేదు' అని జేజినాయన నవ్వేవాడు. మమ్మల్ని పొద్దున్నే లేపడానికి ఆయన కల్పించిన కథ అనుకునేవాళ్లం.

కాలేజీకి పోయినాక తెలిసింది, అది కథ కాదని. మన్రో పేరు మా వైపు తెలియని వాళ్లు ఉండరు. 1800లో నిజాం మన రాయలసీమను ఈస్టిండియా కుంపిణీకి ఒప్పగించినప్పుడు ఇక్కడ ఏడేండ్లు కలెక్టరుగా చేశాడు. ఆయనే మద్రాసు గవర్నరయ్యాక, 1822లో జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎవరెవరు చదువుతున్నారో లెక్క రాయమని కలెక్టర్లందరికీ ఉత్తరువు పంపాడు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో దానికి జవాబు రాశాడు. అప్పట్లో అనంతపురం కూడా బళ్లారి జిల్లాలోదే. మొదట వచ్చిన పిల్లవాడి చేతిలో సరస్వతి పేరు రాయడం, రెండో వాడికి సున్న పెట్టడం, మూడో వాడి నుంచి ఒక్కొక్క దెబ్బ పెంచుకుంటూ పోవడం అన్నీ ఆ జవాబులో ఉన్నాయి. శ్రీకి బదులు సరస్వతి, చుక్కకు బదులు సున్న, అంతే తేడా. జేజినాయన అప్పటికే లేడు. ఉండుంటే దొర కూడా నీ మాటే రాశాడని చదివి వినిపించి ఉందును.

ఆ నివేదికలోని లెక్కలు చూస్తే మాత్రం మురిసిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాకు 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాళ్లలో ఆడపిల్లలు 60 మంది. జిల్లా మొత్తానికి అరవై! పాతకాలం చదువులు గొప్పవి అని పొగిడేవాళ్లు కనిపించినప్పుడల్లా నాకు ఈ అరవై గుర్తొస్తుంది. మా జేజికి అక్షరం రాకపోవడం ఆమె తప్పు కాదు కదా.

మంటపంలో బడి నడిచినన్నాళ్లూ ఇంకో సంగతి కూడా ఉండేది. గుడి మెట్లెక్కనివ్వని పిల్లలకు చదువు కూడా మెట్ల కిందే ఆగిపోయేది. దళితవాడ నుంచి ఒకరిద్దరు కింద నేల మీద కూర్చుని, పైనుంచి వినిపించిన ఎక్కాలు విని నేర్చుకున్నారని మా నాయన చెప్పేవాడు. తర్వాత బోర్డు వాళ్లు అందరి పిల్లలూ రాగలిగే చోట బడి ఉండాల్సిందేనని పట్టుబడితే ఊరికి, దళితవాడకు సరిగ్గా నడుమ ఉన్న రాళ్లదిన్నె మీద కొట్టం వేశారంట. బడి ఇంత దూరంలో, ఒక్క చెట్టు లేని దిన్నె మీద ఎందుకు కట్టారో అని చిన్నప్పుడు మండుటెండలో నడుస్తూ తిట్టుకునేవాణ్ణి. ఆ దూరానికి అంత కథ ఉందని ఎవరూ చెప్పలేదు.

కొట్టం స్థానంలో మిద్దె లేచినప్పుడు ఊరంతా చెయ్యి వేసింది. రాయి కొండ నుంచి బండ్ల మీద తోలారు. పైకప్పుకు, కిందకు కడప బండలు. దూలాలకు ఒక రైతు రెండు వేపచెట్లు కొట్టి ఇచ్చాడు. గోడలు మట్టిసున్నంతో కట్టినవైనా ఇప్పటికీ ఒక్క నెర్ర లేదు. తర్వాత కాంట్రాక్టరు కట్టిన అదనపు గది అప్పుడే కురవడం మొదలైంది, అది వేరే విషయం. గంట కోసం ఎవరో రైలు పట్టా ముక్క తెచ్చి దూలానికి ఇనుప తీగతో వేలాడదీశారు. దాన్ని కొట్టే అదృష్టం ఐదో తరగతి వాళ్లది. గోటీబిళ్ల ఆట మధ్యలో గంట కొట్టాలంటే ఎవరికీ మనసొప్పేది కాదు.

ఐదు తరగతులకు ఒక్క అయివారు. ఒక గదిలో ఒకటి రెండు, ఇంకో గదిలో మూడు నాలుగు, వరండాలో ఐదు. ఆయన ఒక చోట లెక్క చెబుతుంటే మిగిలిన చోట్ల పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు దిద్దించేవాళ్లు. ఐదులో ఉన్నప్పుడు నేను ఒకటో తరగతికి 'సారు'. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పే ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకుని, ఇంగ్లండులో కూడా దీన్ని అనుసరిస్తున్నారని రాశాడు. మా బడిలో దాన్ని మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఇంకో అయివారిని వెయ్యండని ఏటా అర్జీ పెట్టేవాళ్లం. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అని వచ్చి, ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు అయివార్లు ఉండాలన్నారు. అప్పటికి నేను బడి వదిలి చాలా కాలమైంది.

పలకలు మార్కాపురానివి. రాతిపలక చుట్టూ కట్టెచట్రం, పగిలితే ఇంట్లో వీపు పగిలేది. శనివారం సాయంత్రం దొండాకు, బొగ్గు కలిపి నూరి నల్లబల్లకు, పలకలకు పూసేవాళ్లం. ఆ పసరు వాసన, మురికి చేతులు కడగకుండానే తిన్న బొరుగులు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక ఉప్మా. అమెరికా నుంచి కేర్ సంస్థ పంపిన గోధుమరవ్వ, నూనె. నూనె డబ్బాల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది. వరండా పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంగాళం. ఆయమ్మ నీళ్లు మరిగాక రవ్వ పోస్తూ, నాగలి కర్రంత తెడ్డుతో రెండు చేతులా కలిపేది. ఎర్రగడ్డ, మిరపకాయ వేస్తే వేసినట్టు, లేకపోతే లేదు. ఉప్పు మాత్రం ఎప్పుడూ ఒకపక్క ఎక్కువ, ఒకపక్క చప్పన. మోదుగాకులో వేడివేడిగా పెడితే ఆకు నుంచి చేతికి కాక తగిలేది. అడుగంటిన మాడుచెక్క కోసం పెద్ద పోటీ. దాన్ని ఆయమ్మ తన ఇష్టమొచ్చిన వాళ్లకే పెట్టేది, అందులో ఎవరి సిఫారసూ చెల్లేది కాదు. ఇండ్లలో పొద్దున సద్ది, రాత్రి సంగటి, మధ్యాహ్నానికి చాలామందికి ఆ ఉప్మానే. ఖాళీ డబ్బాలు ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉండేవి. నీళ్లు తోడడానికి, గింజలు కొలవడానికి, తులసిచెట్టుకు కుండీగా కూడా అవే.

నీళ్ల కడవ దగ్గర మాత్రం చాలా కాలం పాత మంటపమే నడిచింది. కొందరు చెంబు ముంచుకుని తాగేవాళ్లు, కొందరు దోసిలి పట్టి నిలబడేవాళ్లు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు వచ్చిన అయివారు, దళితవాడ నుంచి వచ్చే ఒక అమ్మాయిని పిలిచి 'ఏమ్మీ, రేపటి నుంచి కడవ నీది' అన్నాడు. అంతే. ఉపన్యాసమేమీ చెప్పలేదు. మరుసటి రోజు నుంచి కొన్ని ఇండ్ల పిల్లలు బడికి రాలేదు. పెద్దవాళ్లు నలుగురు వచ్చి 'అయివారూ, మీరు కొత్త, ఊరి సంగతి మీకు తెలీదు' అని నచ్చజెప్పబోయారు. ఆయన వాళ్లకు కుర్చీలు వేయించి, మజ్జిగ ఇచ్చి, ఆ పిల్లతోనే నీళ్లు కూడా తెప్పించాడు. తాగినవాళ్లు తాగారు, లేనివాళ్లు లేచిపోయారు. కొన్నాళ్లకు ఉప్మా కోసమో, ఇంట్లో అల్లరి భరించలేకో, మానిన పిల్లలందరినీ మళ్లీ పంపించారు.

ఆ అయివారు మా ఊళ్లో చాలా ఏండ్లు ఉన్నాడు. ప్రొద్దుటూరు వైపు మనిషి. బడికే ఆనుకుని ఉన్న చిన్న గదిలో కాపురం. బ్రాంచి పోస్టాఫీసు కూడా ఆయనకే ఇచ్చారు. బడి పెట్టెలోనే ఒక మూల ముద్ర, ఇంకుప్యాడు, కార్డులు, మనియార్డరు ఫారాలు. లెక్కల పీరియడులో ఎవరైనా అవ్వ వచ్చి 'సామీ, మావోడి జాబు వచ్చిందా' అంటే లెక్క అక్కడే ఆగేది. మాకేమో పండగ.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చి కార్డుల పని పెరిగింది. 1984 జనవరిలో కరణాలను, మునసబులను ఒక్కసారిగా తీసేశారు. అది మంచి పనే. మా ఊరి మునసబు ముందు నిలబడాల్సి వచ్చినవాళ్లను అడగండి చెబుతారు. కానీ ఊళ్లో కాగితం రాసేవాళ్లు లేకుండా పోయారు. దాంతో రేషన్ కార్డు, పంట నష్టం అర్జీ, కోర్టు నోటీసు, భూమి పాసుబుక్కు ఏదొచ్చినా సాయంత్రం బడి వరండాలోకే. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ముందు కాగితమంతా తనలో తాను చదువుకుని, తర్వాత సగం మాత్రమే బయటికి చెప్పేవాడు. మిగిలిన సగం వినే మనిషి ధైర్యాన్ని బట్టి ఉండేది.

కువైటు జాబుల సంగతి వేరే. మా ప్రాంతం నుంచి మగవాళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా, ఆడవాళ్లు ఇండ్లలో పనికి పోయేవాళ్లు. ఎరుపు నీలం అంచుల కవర్లు వచ్చేవి. అందులో మొగుడు పెండ్లానికి రాసినవి, పెండ్లాం మొగుడికి రాయించుకున్నవి, అన్నీ ఆయన నోటి మీదుగా పోవాల్సిందే. ఊళ్లో అందరి గుట్టూ తెలిసిన మనిషి. ఒక్క మాట బయటికి పొక్కినట్టు నేను వినలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైటులోకి దూరినప్పుడు నేను సెలవులకు ఊళ్లోనే ఉన్నా. ఆయన ట్రాన్సిస్టరు వరండా అరుగు మీద పెట్టాడు. పొద్దున, సాయంత్రం వార్తల టైముకు ఊరు ఊరంతా అక్కడే. వార్తలు అయిపోయాక కూడా ఎవరూ లేచేవాళ్లు కాదు, 'మళ్లీ పెట్టు సామీ' అనేవాళ్లు, వార్తలను వెనక్కి తిప్పొచ్చన్నట్టు. ఎవరెవరు అక్కడున్నారో పేరు, పాస్‌పోర్టు నంబరు, పనిచేసే ఇంటి అడ్రసు ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి రాసి, ఆయనే కడపకు తీసుకుపోయి కలెక్టరాఫీసులో ఇచ్చి వచ్చాడు. చాలామంది జోర్డాన్ దాకా ఎట్లాగో చేరుకుంటే, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు తెచ్చాయి. అట్లా వచ్చినవాళ్లు దేశం మొత్తం మీద లక్షకు పైమాటే. మా ఊరివాళ్లు ఒక్కొక్కరే కట్టుబట్టలతో దిగుతుంటే ఆయన తన కాగితంలో పేరు పక్కన టిక్కు పెట్టుకునేవాడు. తర్వాత ఐక్యరాజ్య సమితి తరఫున పరిహారం ఇస్తారంటే ఆ ఫారాలు నింపిందీ ఆయనే. ఆ డబ్బులు వచ్చేటప్పటికి ఆయన రిటైరై సొంతూరికి పోయాడు. కొందరు వెదుక్కుంటూ పోయి స్వీట్లు ఇచ్చి వచ్చారు.

రాత్రి బడి గురించి కూడా చెప్పాలి. 1978 అక్టోబరు 2న దేశమంతా వయోజన విద్య మొదలుపెట్టారు. మా బడికీ లాంతర్లు, కొత్త పలకలు వచ్చాయి. మొదట్లో మగవాళ్లు వచ్చి బీడీలు తాగి పోయేవాళ్లు. ఆడవాళ్లే నిలబడ్డారు. మా జేజిని పిలిస్తే 'కాటికి పోయేదానికి సంతకం అడుగుతారా ఏందిరా' అనింది. మా యమ్మ మాత్రం పొయ్యి ఆర్పి, నాతో లాంతరు పట్టించుకుని పోయేది. పొద్దున నేను కూర్చున్న చోటే రాత్రి ఆమె కూర్చునేది. డ్వాక్రా సంఘాలు వచ్చినప్పుడు పొదుపు పుస్తకంలో అందరి పేర్లూ రాసే పని ఆమెకే దొరికింది. ఒత్తులు సరిగ్గా పడేవి కావు గానీ అంకెల్లో మాత్రం ఒక్క పైసా తేడా రానిచ్చేది కాదు.

మిగతావి అందరి ఊళ్లలోలాగే. పెండ్లివారికి విడిది, ఓట్లకు బూతు, జనాభా లెక్కలు, 1995 నుంచి పోలియో చుక్కలు, పంద్రాగస్టుకు ప్రభాతభేరి, వాన రాని ఏడు వరండాలో రాత్రంతా భజన.

2003 జనవరి నుంచి మళ్లీ వేడి అన్నం మొదలైంది. ఇప్పుడు గుడ్డు కూడా. బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో రంగులు వేశారు, మరుగుదొడ్లు కట్టారు, మాకు కలలో కూడా లేని బల్లలు వచ్చాయి. పిల్లలే తగ్గిపోయారు. పొద్దున ఏడున్నరకు పసుపు రంగు బస్సు ఊళ్లోకి వచ్చి టై కట్టుకున్నవాళ్లను ఎక్కించుకుని పోతుంది. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను పక్క ఊరి హైస్కూలుకు పంపించారు. ఆ ఉత్తర్వు తర్వాత రద్దయింది గానీ, పోయినవాళ్లు పోయినట్టే. ఇప్పుడున్న టీచరమ్మ వేసవిలో ఇంటింటికీ తిరిగి పిల్లలను అడుగుతుంది. మా తరంలో అయివారు ఇంటికి వస్తే పిల్లలు గాదె వెనక దాక్కునేవాళ్లు. ఇప్పుడు పెద్దవాళ్లు దాక్కుంటున్నారు.

పోయిన సంక్రాంతికి పోయినప్పుడు టీచరమ్మను అడిగి పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూశా. ఇనుపపెట్టెలో వేపాకు వేసి పెట్టింది. ఎర్రగుడ్డ అట్ట, పొడుగాటి పేజీలు, గోధుమరంగుకు తిరిగిన సిరా. పేరు, తండ్రి పేరు, కులం, వృత్తి, పుట్టిన తేదీ, చేరిన తేదీ, చివర బడి మానిన కారణం. నేను ఆ చివరి గడి దగ్గరే చాలాసేపు ఆగిపోయా. 'జీవాలు కాయుటకు'. 'జీవాలు కాయుటకు'. 'వలస'. ఆడపిల్లల పేర్ల ఎదురుగా నాలుగో తరగతిలోనే 'వివాహం'. ఒకచోట 'అమ్మవారు పోసి చనిపోయినాడు'. ఎనభైల పేజీల్లో 'తల్లి కువైటు పోయినందున అవ్వ ఊరికి'. కడవ మోసిన ఆ అమ్మాయి పేరు కూడా దొరికింది. కారణం గడిలో 'ఐదవ తరగతి ఉత్తీర్ణత, హైస్కూలు' అని అయివారి గుండ్రటి చేతిరాత.

పుట్టిన తేదీల గడి చూస్తే మాత్రం నవ్వు ఆగదు. ఊరు ఊరంతా జూలై ఒకటో తేదీనే పుట్టింది! కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందితే ఐదేండ్లు నిండినట్టు లెక్క. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవాళ్లు. అందినవాడికి ఆ ఏటి నుంచి ఐదు తీసేసి జూలై ఒకటి వేసేవాళ్లు. చెవులు కొంచెం పైకి ఉన్నవాళ్లకు ఏడాది కలిసొచ్చేది. ఆ అంకెలే తర్వాత పాస్‌పోర్టుల్లోకి ఎక్కాయి. 1989 జనవరి 26కు ముందు పుట్టినవాళ్లకు బడి సర్టిఫికెట్టు చాలునన్నారు కాబట్టి కువైటు పోయినవాళ్లలో సగం మంది ఆ రిజిస్టరు మీదే విమానం ఎక్కారు. అవే ఆధారులోకి, అక్కడి నుంచి పెన్షన్లలోకి.

మా పెద్దమ్మ కొడుకులు ఇద్దరు. పెద్దన్నను పదేండ్లదాకా మేకల వెంట పంపి, తర్వాత బడిలో వేశారు. వయసు తక్కువ వేస్తే సర్కారు ఉద్యోగానికి పనికొస్తుందని అయివారు పెద్ద మనసుతో ఆయనకూ ఐదేండ్లే రాశాడు. చిన్నన్న అప్పటికే మూడో తరగతి. ఉద్యోగం ఇద్దరికీ రాలేదు. చిన్నన్నకు అరవై దాటి పెన్షను వచ్చింది. పెద్దన్నకు కాగితాల్లో ఇంకా అరవై నిండలేదు. ప్రతి నెలా ఒకటో తేదీ సచివాలయం అబ్బాయి ఇంటికొచ్చి చిన్నన్న వేలిముద్ర తీసుకుని నాలుగు వేలు లెక్కపెడుతుంటే, పెద్దన్న అదే అరుగు మీద కూర్చుని 'వీణ్ణి చంకనేసుకుని తిప్పినోణ్ణి సార్ నేను, వీడికి ముందెట్లా వచ్చె?' అని అడుగుతాడు. ఆ అబ్బాయి ఫోను చూపిస్తాడు. 'కాగితాల్లో నువ్వు నాకు తమ్ముడివి, చెప్పిన మాట విను' అని చిన్నన్న ఒక ఐదొందల నోటు ఆయన జేబులో పెడతాడు. పెద్దన్న నోటు తీసుకుంటాడు గానీ, అయివారిని తిట్టడం మాత్రం ఆపడు.